ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ని కంపెనీ ఊరికే ఇచ్చేయొచ్చా? చెన్నై తెలుగువాళ్ళ మాట కావాలి

పెరుంగుడి_కోడర్ · సోమవారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎమ్మార్ రోడ్డులో ఒక చిన్న కంపెనీలో పదకొండేళ్ళుగా ప్రోగ్రాములు రాస్తున్నాను. ఉత్తరాలు, కొటేషన్లు రాసుకునే ఎడిటరు, లెక్కల షీటు, ఇన్‌వాయిసు, ఈ మూడే మా సరుకు. బ్రౌజర్లో నడుస్తాయి. చిన్న వ్యాపారులు నెలనెలా కట్టి వాడుకుంటారు. పోయిన శుక్రవారం మా ఓనరు గారు అందర్నీ కూర్చోబెట్టి, సంక్రాంతి నుంచి మొత్తం ఉచితం చేసేద్దామా అని అడిగారు. ఆయన మాటవరసకి అడిగే మనిషి కాదు. హాల్లో నలభై మందిమి ఉన్నాం, ఒక్కరూ నోరు విప్పలేదు. వచ్చే శుక్రవారానికి ఎవరి అభిప్రాయం వాళ్ళు కాగితం మీద రాసిమ్మన్నారు.

ఆయన వాదన కొట్టిపారేసేది కాదు. గూగుల్ 2006 నుంచి డాక్స్, షీట్స్ మామూలు జనానికి ఊరికే ఇస్తోంది. ఆపిల్ 2013లో కొత్తగా ఫోనో మ్యాకో కొన్నవాళ్ళకి పేజెస్, నంబర్స్, కీనోట్ ఉచితం చేసింది, 2017లో పాతవి ఉన్నవాళ్ళకీ ఇచ్చేసింది. మైక్రోసాఫ్ట్ కూడా బ్రౌజర్లో వర్డ్, ఎక్సెల్ డబ్బు లేకుండా వాడుకోనిస్తోంది. మన ఊరి జోహో తన ఇన్‌వాయిస్ సాఫ్ట్‌వేర్‌కి డబ్బు తీసుకోవడం మానేసింది. ఇంతమంది ఊరికే ఇస్తుంటే కొత్తవాడు డబ్బు కట్టి మన దగ్గరికి ఎందుకొస్తాడు అంటారాయన.

నాకు భయమూ ఉంది, ఆశా ఉంది. ఆపిల్ ఫోన్లు అమ్ముకుంటుంది, గూగుల్ ప్రకటనలు అమ్ముకుంటుంది. మేం అమ్మేది ఇదొక్కటే, ఇదీ ఇచ్చేస్తే జీతాలు ఎక్కడి నుంచి వస్తాయి? అట్లాగని డబ్బు లేదన్న ఒక్క కారణంతో నేను రాసినది ఎవరికైనా అందకుండా పోతే అదీ నాకు బాధే. వాడేవాళ్ళుగా, అమ్మేవాళ్ళుగా మీకు ఏమనిపిస్తుందో ఉన్నదున్నట్టు చెప్పండి.

వేళచ్చేరి_సేల్స్ · సోమవారం రాత్రి 11:20

తమ్ముడూ, పద్నాలుగేళ్ళుగా ఈ ఊళ్ళో సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నాను. నా మాట విని వద్దని రాసివ్వు.

ఊరికే వాడేవాడికి మనకయ్యే ఖర్చు సున్నా అనుకుంటారు అందరూ. లక్ష మంది చేరారనుకో, మనిషికి 5 జీబీ ఇస్తామని చెప్పావనుకో, 500 టీబీ అయింది. అందరూ నిండా వాడరు, నిజమే, కానీ ఇస్తానన్నాక సిద్ధంగా ఉంచాలి, దానికి ఇంకో చోట రెండో కాపీ పెట్టాలి. ఇది చిన్న ఖర్చు. పెద్ద ఖర్చు ఫోను. పాస్‌వర్డ్ మర్చిపోయినవాడు, జీఎస్టీ నంబరు తప్పు కొట్టినవాడు, ప్రింటరు పని చెయ్యకపోతే మనకి ఫోన్ చేసేవాడు, వీళ్ళలో డబ్బు కట్టనివాళ్ళు కట్టినవాళ్ళకన్నా తక్కువేం చెయ్యరు.

ఇంకొకటి, ఇది బయటివాళ్ళకి తెలీదు. ఇన్‌వాయిస్ పంపే సాఫ్ట్‌వేర్ ఉచితమని తెలిసిన మరుక్షణం దొంగలు దిగుతారు. దొంగ బిల్లులు, బ్యాంకు పేరుతో దొంగ మెయిళ్ళు మన సర్వర్ నుంచే పోతాయి. నాలుగు రోజుల్లో మన అడ్రసు స్పామ్ జాబితాలోకి ఎక్కుతుంది, అప్పుడు నిజాయితీగా డబ్బు కట్టిన వ్యాపారి పంపిన బిల్లు కూడా అవతలివాడి స్పామ్‌లో పడుతుంది. దాన్ని ఆపడానికే రాత్రీ పగలూ నలుగురు కూర్చోవాలి. వాళ్ళ జీతం ఎవరిస్తారు?

జోహోని చూసి దిగకండి. వాళ్ళు 1996లో అడ్వెంట్‌నెట్ అన్న పేరుతో మొదలై, నెట్‌వర్కులు నడిపే సాఫ్ట్‌వేర్ అమ్మి నిలబడ్డాక 2005లో రైటర్ అన్న ఎడిటరు తెచ్చారు. బయటి పెట్టుబడి తీసుకోలేదు, కాబట్టి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. పెద్ద కంపెనీలు కొనే మేనేజ్ ఇంజిన్ లాంటి సరుకు వెనకాల ఉంది. మీ వెనకాల ఏముంది?

సూళ్ళూరుపేట_లోకల్ · మంగళవారం ఉదయం 6:55

అన్నా, నేను రోజూ సూళ్ళూరుపేట నుంచి సెంట్రల్‌కి లోకల్ ట్రైన్లో వచ్చిపోతాను. ఇది కూడా ట్రైన్లోంచే రాస్తున్నాను, గుమ్మిడిపూండి దాటితే సిగ్నల్ బాగుంటుంది.

నాది బీకామ్. మా ఇంట్లో ఎప్పుడూ కంప్యూటర్ లేదు. ఊళ్ళో ఇన్‌స్టిట్యూట్‌లో ఎక్సెల్ నేర్పేవాళ్ళు, అది క్రాక్ కాపీ, ఫైల్ సేవ్ చేసి మర్నాడు వెళ్తే ఉండేది కాదు, వైరస్ తినేసింది అనేవాళ్ళు. నేను నిజంగా నేర్చుకున్నది ఫోన్‌లో, ఉచితంగా వచ్చిన షీట్‌లో. వీలుకప్ అంటే ఏమిటో, పివట్ అంటే ఏమిటో వేలంత స్క్రీన్ మీద చూసి చూసి కళ్ళు నొప్పెట్టేవి. గిండీలో ఇంటర్వ్యూకి పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక టెస్ట్ ఇచ్చారు. పాసయ్యాను.

నెలకి 99 రూపాయలే కదా అంటారు. అడిగితే అమ్మ ఇచ్చేది, పాల డబ్బుల్లోంచి తీసి ఇచ్చేది, అందుకే అడగలేకపోయేదాన్ని. సేల్స్ అన్నా, మీరు ఒకటి లెక్కలో వేసుకోలేదు. ఇప్పుడు మా ఆఫీసులో ఆ కంపెనీకే పద్దెనిమిది మందికి డబ్బు కడుతున్నారు. మేం నలుగురం చేరినప్పుడు మాకు ఇదే వచ్చు అని చెప్పబట్టి కొన్నారు. అప్పుడు ఊరికే వాడిన నేను ఖర్చేనా?

ప్యారీస్_కార్నర్ · మంగళవారం ఉదయం 11:05

బాబూ, మాది ప్యారీస్‌లో హార్డువేరు హోల్‌సేలు. తాతగారి నాడు గూడూరు నుంచి వచ్చాం. నాకు కంప్యూటరు గురించి పెద్దగా తెలియదు, డబ్బు గురించి కొంత తెలుసు.

మూడేళ్ళ క్రితం ఎవరో చెబితే సరుకు లెక్క అంతా ఒక ఉచిత యాప్‌లో పెట్టించాను. పేరు అనవసరం. బాగానే నడిచింది. ఒకరోజు ఇంకో పదిహేను రోజుల్లో మూసేస్తున్నామని మెసేజ్ వచ్చింది. గుమాస్తాలు ఇద్దరు రాత్రుళ్ళు కూర్చుని స్క్రీన్ చూసి నోటుబుక్కులోకి ఎక్కించారు. ఎవరిని అడగాలి? ఒక ఫోన్ నంబరు లేదు. డబ్బు కట్టి ఉంటే అడిగేవాణ్ణి, కన్స్యూమర్ కోర్టుకి పోయేవాణ్ణి. మార్చి 31 సాయంత్రం షీటు తెరుచుకోకపోతే, ఊరికే ఇచ్చినవాణ్ణి ఏ నోరు పెట్టుకుని అడగను?

మా కోడలు ట్యాలీ నేర్చుకునేటప్పుడు ఒకటి గమనించాను. లైసెన్సు లేకుండా నేర్చుకునే పద్ధతి అందులో ఉంది. నెలలో 1, 2 తేదీలకీ ఆఖరి తేదీకీ తప్ప ఎంట్రీ పడదు. నేర్చుకునేవాడికి అడ్డు లేదు, దుకాణం నడపడానికి మాత్రం కుదరదు. బెంగళూరు కంపెనీ అది, ఊరికే ఇచ్చేదీ డబ్బుకిచ్చేదీ ఎక్కడ విడగొట్టాలో వాళ్ళకి తెలిసింది. అమ్మాయి చెప్పింది విన్నాను, నేర్చుకునేవాళ్ళకి ఊరికే ఇవ్వండి. నా దగ్గర మాత్రం డబ్బు తీసుకోండి.

టీనగర్_డీటీపీ · మంగళవారం మధ్యాహ్నం 2:30

అందరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు. నా బాధ వేరు, కాస్త ఓపిగ్గా చదవండి.

1997 నుంచి ఈ ఊళ్ళో తెలుగు డీటీపీ చేస్తున్నాను. పెళ్ళిపత్రికలు, కవితా సంపుటాలు, గుడి కరపత్రాలు, ఒక పెద్దాయన ఇరవై ఏళ్ళు రాసుకున్న నిఘంటువు, అన్నీ నా చేతుల మీదుగా పోయాయి. అప్పట్లో తెలుగు ఫాంట్ సాఫ్ట్‌వేర్ అంటే ఇంగ్లీషు అక్షరాల కోడ్ మీద తెలుగు బొమ్మ అతికించడం. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగే కాదు, ఇంగ్లీషు గందరగోళం. ఆ ఫాంటు ఉంటేనే తెలుగు, ఫాంటు లేకపోతే చెత్త. ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా అతికించింది, ఒకరి ఫైలు ఇంకొకరి దగ్గర తెరుచుకోదు. తర్వాత ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే యూనికోడ్ వచ్చింది, విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చింది. ప్రపంచం మారింది, నా పాత ఫైళ్ళు మారలేదు.

ఆ నిఘంటువు పెద్దాయన పోయారు. పోయిన ఏడాది వాళ్ళమ్మాయి వచ్చి, నాన్న పుస్తకం మళ్ళీ వేయిద్దాం, ఫైలు ఉందా అంకుల్ అని అడిగింది. ఫైలు ఉంది. సీడీ కూడా పాడవలేదు. తెరిస్తే తెలుగు లేదు. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, మారుస్తాయి కూడా, కానీ ఒత్తులు తప్పుతాయి, నిఘంటువులో ఒత్తు తప్పితే ఇంకేం మిగిలింది? ఆరొందల చిల్లర పేజీలు, మాటామాటా చూసి దిద్దుతున్నాను. ఇంకా 'ప' దగ్గర ఉన్నాను.

ఆ ఫాంట్ సాఫ్ట్‌వేర్‌ని నేను డబ్బు పెట్టి కొన్నాను. ఊరికే దొరికినా ఇదే గతి పట్టేది. అందుకని పెరుంగుడి తమ్ముడూ, ఉచితమా కాదా అన్నది నాకు రెండో ప్రశ్న. నీ కంపెనీ రేపు లేకపోయినా నా ఫైలు ఇంకో చోట తెరుచుకుంటుందా? ముందు దానికి జవాబు చెప్పు.

లిబ్రే_మాట · మంగళవారం సాయంత్రం 7:15

టీనగర్ అన్నగారూ, చదువుతుంటే గుండె బరువెక్కింది. నేను ఇరవై ఏళ్ళుగా చెబుతున్నది ఇదే, నాకు ఇంత బాగా చెప్పడం రాలేదు.

తెలుగులో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఇంగ్లీషులో రెండింటికీ 'ఫ్రీ' అన్న ఒకటే మాట కావడం వల్ల గొడవ, మనకి ఆ గొడవ లేదు. 1999లో సన్ కంపెనీ జర్మనీలో స్టార్ ఆఫీస్ అన్న ఆఫీసు సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళని కొనేసి, మరుసటి ఏడాది దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాము అసలు రాత, అందరికీ బయటపెట్టింది. అదే ఓపెన్ ఆఫీస్ అయింది. 2010లో సన్‌ని ఒరాకిల్ కొన్నాక, రాసేవాళ్ళు చాలామంది కోడ్ తీసుకుని బయటికొచ్చి లిబ్రే ఆఫీస్ పెట్టుకున్నారు. కంపెనీ చేతులు మారినా సాఫ్ట్‌వేర్ చావలేదు. అదీ తేడా. వాళ్ళు వాడే ఓడీఎఫ్ అన్న ఫైల్ పద్ధతి 2006లో ఐఎస్‌ఓ ప్రమాణం అయింది, ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా రాయొచ్చు. లిబ్రే ఆఫీస్ మెనూలు తెలుగులో కూడా ఉన్నాయి, మనవాళ్ళే కూర్చుని అనువదించారు.

విండోస్ బదులు వాడుకునే బాస్ లినక్స్ మన చెన్నైలోనే, సీడాక్ అన్న ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థలో తయారైంది. కేరళ సర్కారు బడుల్లో పిల్లలు ఏళ్ళ తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే చదువుకుంటున్నారు. జర్మనీలో ష్లెస్విగ్ హోల్‌స్టైన్ రాష్ట్రం 30,000 ఆఫీసు కంప్యూటర్లని లిబ్రే ఆఫీస్‌కి మారుస్తామని 2024లో ప్రకటించింది. కాబట్టి ధర తీసెయ్యడం కాదు, కోడ్ తెరవండి. డబ్బు సర్వీసుకి తీసుకోండి.

వేళచ్చేరి_సేల్స్ · మంగళవారం రాత్రి 9:48

లిబ్రే గారూ, మీ పట్టుదలంటే నాకు గౌరవం. కానీ నలభై మంది కంపెనీ కోడ్ తెరిస్తే, ఇంకా పెద్ద కంపెనీ ఏదో అదే కోడ్ తీసుకుని తన సర్వర్ మీద పెట్టి తన పేరుతో అమ్ముతుంది. సర్వీసు డబ్బు కూడా దానికే పోతుంది. మునిగేది ఈ తమ్ముడే.

సూళ్ళూరుపేట చెల్లెమ్మా, నువ్వు చెప్పింది నన్ను ఆలోచనలో పడేసింది. నిన్ను నేను లెక్కలో వేసుకోలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ కంపెనీ నీ కోసం ఇన్నేళ్ళు ఆగగలిగింది. చిన్న కంపెనీకి ఆరు నెలలు ఆగడమే కష్టం.

గిండీ_వకీలు · మంగళవారం రాత్రి 10:30

చట్టం సంగతి కూడా తెలిసి ఉంటే మంచిదని రాస్తున్నాను.

2002 కాంపిటీషన్ చట్టం సెక్షన్ 4 ప్రకారం, మార్కెట్లో ఆధిపత్యం ఉన్న కంపెనీ పోటీని దెబ్బతీయడానికి ఖర్చుకన్నా తక్కువ ధరకి అమ్మితే తప్పు. ఆధిపత్యం అన్నదే ఇక్కడ కీలకం. నేషనల్ స్టాక్ ఎక్స్చేంజ్ కరెన్సీ డెరివేటివ్స్ (విదేశీ కరెన్సీ ధరల మీద చేసే ఒప్పందాలు) విభాగాన్ని ఫీజు తీసుకోకుండా నడిపింది, మిగతా విభాగాల లాభాలతో ఆ భారం మోసింది. దాని మీద ఫిర్యాదు వెళ్తే 2011లో కాంపిటీషన్ కమిషన్ 55.5 కోట్ల జరిమానా వేసింది. అదే 2016 సెప్టెంబరు 5న జియో ఉచితంగా మొదలుపెట్టినప్పుడు ఎయిర్‌టెల్ ఫిర్యాదు చేసింది, 2017లో కమిషన్ కొట్టేసింది, ఎందుకంటే జియో అప్పుడే మార్కెట్లోకి వచ్చింది, ఆధిపత్యం లేదు.

అంటే మీ నలభై మంది కంపెనీ ఊరికే ఇస్తే చట్టం మీ జోలికి రాదు. దారాలన్నీ తన చేతిలో ఉన్న పెద్ద కంపెనీ ఇంకో సరుకుని ఊరికే కలిపి ఇస్తేనే చిక్కు. 1998లో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద వేసిన కేసు విండోస్‌తో బ్రౌజర్‌ని కలిపి ఇవ్వడం గురించే. 2020లో ఆఫీసు చాట్ యాప్ చేసే స్లాక్ కంపెనీ యూరప్‌లో చేసిన ఫిర్యాదు, మైక్రోసాఫ్ట్ తన ఆఫీస్‌తో టీమ్స్ అన్న చాట్ యాప్ కలిపి ఇవ్వడం గురించి. 2024కి మైక్రోసాఫ్ట్ టీమ్స్‌ని ప్రపంచమంతటా విడిగా అమ్మాల్సి వచ్చింది. ఊరికే ఇవ్వడం ఒకరి చేతిలో దానం, ఇంకొకరి చేతిలో ఆయుధం. మీ ఓనరు గారి పోరు ఈ రెండో రకంవాళ్ళతో, అది మర్చిపోవద్దు.

అంబత్తూరు_అకౌంట్స్ · బుధవారం ఉదయం 8:10

వకీలు గారూ, మీరు చెప్పింది బాగుంది. అకౌంట్స్ వైపు నుంచి నేను చెప్తాను.

2015 డిసెంబరులో నేను ఎక్కాట్టుతాంగల్‌లో ఒక చిన్న యూనిట్‌లో పనిచేసేదాన్ని. అడయారు పొంగి నీళ్ళు గ్రౌండ్ ఫ్లోర్ కప్పు దాకా వచ్చాయి. నాలుగు రోజుల తర్వాత షట్టర్ ఎత్తితే కంప్యూటర్లు బురదలో ఉన్నాయి, బ్యాకప్ హార్డ్ డిస్కు కూడా అదే బీరువాలో, అదే బురదలో. ఎవరు మనకి ఎంత ఇవ్వాలి, మనం ఎవరికి ఎంత ఇవ్వాలి, ఏ కాగితమూ లేదు. నెల ముందు జ్వరం వచ్చి ఇంటి నుంచి చేద్దామని రావలసిన బాకీల షీటు ఒక్కటి నా సొంత మెయిల్‌కి జోడించిన ఉచిత డ్రైవ్‌లో పెట్టుకున్నాను. అదొక్కటే మిగిలింది. మా ముదలాళి, అంటే ఓనరు, ఆ షీటు నా ఫోన్‌లో చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఊరికే వచ్చిన దానికి విలువ ఉండదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కానీ పెరుంగుడి గారూ, ఇన్‌వాయిసులు ఊరికే ఇచ్చేటప్పుడు ఇది చూడండి. జీఎస్టీ చట్టంలో రికార్డులు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచి ఉంచాలి. ఆరేళ్ళు. ఉచిత ప్లాన్లు ఏం చేస్తున్నాయి? స్లాక్ 2022లో ఉచితంగా వాడేవాళ్ళకి 90 రోజుల మెసేజ్‌లే చూపిస్తామంది, 2024లో ఏడాది దాటినవి తుడిచేస్తామంది. నోట్సు రాసుకునే యాప్ ఎవర్‌నోట్ 2023లో ఉచితంవాళ్ళకి యాభై నోట్లే అంది. కబుర్లు పోతే పోయాయి అనుకోవచ్చు, బిల్లులు పోతే నోటీసు వస్తుంది. ఊరికే ఇచ్చి రెండేళ్ళకి పాతవి దాచేస్తే మా మెడకి చుట్టుకుంటుంది. ఆరేళ్ళు ఉంచుతామని రాసివ్వండి, లేదా ప్రతి నెలా మొత్తం దింపుకునే బటన్ ఇవ్వండి. అది కూడా మూడు మెనూల లోపల కాదు, ఎదురుగా.

ఇంకో సంగతి, 2019లో జీఎస్టీ నెట్‌వర్కే కోటిన్నర లోపు టర్నోవర్ ఉన్న వ్యాపారులకి ఉచిత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఇప్పించింది. కాబట్టి చిన్నవాళ్ళకి మీరు ధర తగ్గించినా పెద్దగా లాభం లేదు. నమ్మకం ఇస్తే వస్తారు.

పెరంబూరు_టీచర్ · బుధవారం మధ్యాహ్నం 1:40

నేను తెలుగు మీడియం పిల్లలకి చెప్తాను. కరోనా ఏడాది ఒక ఉచిత క్లాసు యాప్ వాడాం. తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు నేనే దగ్గరుండి ఎక్కించాను. ఆ తర్వాత రెండేళ్ళ పాటు వాళ్ళకి కోచింగు అమ్ముతామని ఫోన్లు. ఒక తండ్రి ఆటో నడుపుతాడు, వాళ్ళ మాట నమ్మి ఇన్‌స్టాల్‌మెంట్లలో కోర్సు కొన్నాడు, పాప ఒక్కరోజు కూడా చూడలేదు. ఆయన నా ముఖం చూసి ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

బడులకి ఊరికే ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి, మా దగ్గర కట్టడానికి లేదు. కానీ పిల్లల వివరాలు అమ్మబోమని, ఫోన్లు చెయ్యబోమని ముందే రాసివ్వండి.

గిండీ_వకీలు · బుధవారం మధ్యాహ్నం 2:05

టీచర్ గారూ, 2023 డేటా రక్షణ చట్టం సెక్షన్ 9లో అదే ఉంది. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలి, పిల్లల్ని వెంబడించి ప్రకటనలు చూపకూడదు.

నిర్వాహకులు · బుధవారం సాయంత్రం 5:00

చర్చ బాగా నడుస్తోంది. రెండు పోస్టుల్లో కంపెనీల పేర్లు పెట్టి సొంత ఫిర్యాదులు రాశారు, వాటిని తీసేశాం. అనుభవం రాయండి, పేరు వద్దు.

పెరుంగుడి_కోడర్ · గురువారం రాత్రి 12:15

రెండు రాత్రులు అన్నీ మళ్ళీ మళ్ళీ చదివాను. రేపే కాగితం ఇవ్వాలి.

నన్ను ఎక్కువ భయపెట్టింది ఇచ్చాక వెనక్కి తీసుకోవడం. గూగుల్ చిన్న సంస్థలకి సొంత డొమైన్ మెయిల్, అంటే సంస్థ పేరుతోనే అడ్రసు ఉండే మెయిల్, ఊరికే ఇచ్చేది. 2012 డిసెంబరులో కొత్తవాళ్ళకి ఆపేసింది, 2022 జనవరిలో పాతవాళ్ళని కూడా డబ్బు కట్టమంది, గొడవయ్యాక సొంత అవసరానికి వాడేవాళ్ళని వదిలేసింది. అంత పెద్ద కంపెనీకే తూకం కుదరలేదు. మేం సంక్రాంతికి మొత్తం ఊరికే ఇచ్చి, రెండో సంక్రాంతికి డబ్బు లేక వెనక్కి లాక్కుంటే ప్యారీస్ బాబాయ్ గుమాస్తాలకి మళ్ళీ నోటుబుక్కులే గతి.

నాకు మా నాన్న గుర్తొచ్చారు. నాయుడుపేటలో సబ్ రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజు లేఖరిగా ఉండేవారు. చెట్టు కింద బల్ల. పొలం కొన్నవాడి దగ్గర రాతకూలి పూర్తిగా తీసుకునేవారు, పైసా తగ్గించేవారు కాదు. పెన్షన్ అర్జీ కోసం వచ్చిన ముసలమ్మకి కాగితం కూడా తనదే పెట్టి రాసిచ్చేవారు. ఎవరు ఏ పని మీద వచ్చారో చూసేవారు, అంతే. పొలం కొన్న రైతు, ఆమెకి ఊరికే రాశావు నాకెందుకు రాయవు అని ఎప్పుడూ అడగలేదు. నలభై ఏళ్ళు ఆ బల్ల అక్కడే ఉంది.

కాబట్టి మొత్తం ఉచితం వద్దని రాస్తున్నాను. ఒక్కరే వాడుకునే మనిషికి, బడికి, ఎప్పటికీ ఊరికే, గడువు లేకుండా. జీతం ఇచ్చి మనుషుల్ని పెట్టుకున్న చోట డబ్బు తీసుకుందాం, ఆ డబ్బుకి ఫోన్ ఎత్తుదాం. సేల్స్ అన్న చెప్పిన దొంగ బిల్లుల సంగతికి, ఉచితంవాళ్ళకి రోజుకి ఇన్నే మెయిళ్ళు అని హద్దు పెడదాం. ఫైళ్ళు ఓడీఎఫ్‌లో, ఎక్సెల్‌లో దింపుకునే బటన్ మొదటి స్క్రీన్ మీదే ఉండాలి, డబ్బు కట్టనివాళ్ళకి కూడా. కోడ్ తెరవమని లిబ్రే గారు చెప్పింది మా ఓనరు గారు ఇప్పుడే ఒప్పుకోరు, నేనూ ధైర్యం చెయ్యలేకపోతున్నాను. కంపెనీ మూతపడితే ఆ రోజు కోడ్ తెరుస్తామని ముందే రాసుకుందామని మాత్రం అడుగుతాను.

లిబ్రే_మాట · గురువారం ఉదయం 7:30

మూతపడిన రోజు తెరిచే తాళం చెవి ఇప్పుడే మూడోవాళ్ళ చేతికి ఇచ్చి ఉంచాలి తమ్ముడూ. ఆ రోజు మీ సర్వర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుందో ఎవరికి తెలుసు. అది కూడా కాగితంలో రాయి. మిగతా దానితో నాకు పూర్తిగా సమ్మతం కాదు, అయినా మంచి అడుగే.

వేళచ్చేరి_సేల్స్ · గురువారం ఉదయం 9:20

ఒక్కరే వాడే మనిషి అంటే ఎవరు? మా వీధిలో ట్రావెల్స్ ఆయన ఒక్కడే, ఆయన టర్నోవరు నా జీతానికి ఇరవై రెట్లు. పదిమంది కంపెనీ ఒకే పాస్‌వర్డ్ పంచుకుని ఒక్కరమే అంటారు. నేను చూశాను. ఆ హద్దు ఎలా పెడతావో ముందు తేల్చుకో, లేకపోతే నీ ఓనరు గారు మొదటి ప్రశ్న అదే వేస్తారు.

పెరుంగుడి_కోడర్ · శుక్రవారం రాత్రి 9:05

మీటింగు అయింది. సేల్స్ అన్నా, మొదటి ప్రశ్న అదే వేశారు. నా దగ్గర సరైన జవాబు లేదు. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉంటే వ్యాపారం, లేకపోతే మనిషి అన్నాను. అది చాలదు, ఇంకా ఆలోచించండి అన్నారు. మొత్తం ఉచితం అన్న మాట మాత్రం పక్కన పెట్టారు. బడులకీ నేర్చుకునేవాళ్ళకీ సంక్రాంతి నుంచే ఇస్తారు. వాళ్ళకి ఇచ్చే మాట ఏమిటో తెలుగులో, తమిళంలో ఒక పేజీకి మించకుండా రాసే పని నాకు అప్పజెప్పారు. టీచర్ గారూ, రాశాక మీకు చూపిస్తాను, మీకు అర్థం కాని వాక్యం ఒక్కటి ఉన్నా మారుస్తాను.

ప్యారీస్_కార్నర్ · శుక్రవారం రాత్రి 9:40

సంతోషం బాబూ. నా దగ్గర ఏడాదికి ఒకేసారి తీసుకో. ఫోన్ ఎత్తే మనిషికి తెలుగు గానీ తమిళం గానీ వచ్చి ఉండాలి.

టీనగర్_డీటీపీ · శనివారం ఉదయం 10:10

తమ్ముడూ, మీ సాఫ్ట్‌వేర్ నిన్న రాత్రి తెరిచి చూశాను. స్క్రీన్ మీద తెలుగు చక్కగా ఉంది. పీడీఎఫ్‌లోకి దింపితే క్షౌరశాలలో 'క్ష' విడిపోయింది, 'స్త్రీ'లో రావొత్తు పక్కకి జరిగింది. ప్రింటుకి పనికిరాదు.

సూళ్ళూరుపేట_లోకల్ · శనివారం ఉదయం 10:25

నాకూ ఫోన్‌లో అంతే వస్తోంది అన్నా. లక్ష్మి అని కొడితే క మీద పొల్లు వచ్చి షమి పక్కన పడుతోంది.

పెరుంగుడి_కోడర్ · శనివారం ఉదయం 10:50

పీడీఎఫ్ తయారుచేసే రెడీమేడ్ కోడు (లైబ్రరీ) ఒత్తులు కలపకుండా అక్షరాల్ని వరసగా పేర్చేస్తున్నట్టుంది, స్క్రీన్ మీద ఆ పని బ్రౌజరే చేసేస్తోంది కాబట్టి మాకు కనపడలేదు. టీనగర్ అన్నా, మీ నిఘంటువులోంచి ఒత్తులు ఎక్కువున్న పేజీ ఒకటి పంపండి, దాని మీద సరిచూస్తాను. ఇప్పుడే ఆఫీసుకి బయల్దేరుతున్నాను.